ఐదంతస్తుల గోడకు సాఫ్ట్ వాష్ సెట్: ఏ పంపు కొనాలి?

విశాఖ_కుర్రాడు · జూన్ 9, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో రెండేళ్లుగా అపార్ట్‌మెంట్ల సంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకులు కడిగే పని చేస్తున్నా. మార్చిలో మొదటిసారి బయటి గోడ ఒప్పుకున్నా. లాసన్స్ బే వైపు, స్టిల్ట్ (కింద పార్కింగ్) మీద ఐదు ఫ్లోర్లు. సముద్రపు గాలికి, వానకి ఉత్తరం గోడంతా నల్లటి చారలు. నా దగ్గరున్న 150 బార్ ప్రెషర్ వాషర్‌తో కొట్టా. నలుపు పోయింది, దాంతోపాటు టెక్స్చర్ పెయింటూ పెచ్చులుగా ఊడి వచ్చింది. పైగా రెండో ఫ్లోర్‌లో ఒకరి బెడ్‌రూమ్ గోడ లోపలి వైపు చెమ్మెక్కింది. పెయింటరుకి డబ్బులు నా జేబులోంచే పెట్టా. ఆ పనిలో నాకు మిగిలింది సున్నా, ఇంకొంచెం మైనస్.

ఇప్పుడు సాఫ్ట్ వాష్‌కి, అంటే తక్కువ ప్రెషర్‌తో మందు చల్లి కడిగే పద్ధతికి మారాలనుకుంటున్నా. బడ్జెట్ 60 వేలు. మూడు దారులు కనిపిస్తున్నాయి:

నిమిషానికి 20 లీటర్లు ఇచ్చే ఇంపోర్టెడ్ 12 వోల్ట్ డయాఫ్రమ్ పంపు (లోపల రబ్బరు పొర ఆడుతూ నీటిని తోసేది). లేదా మన పొలాల్లో వాడే హెచ్‌టీపీ స్ప్రేయర్. లేదా కంప్రెసర్ గాలితో నడిచే డబుల్ డయాఫ్రమ్ పంపు.

యూట్యూబ్‌లో అమెరికా వాళ్లంతా మొదటిదే చూపిస్తున్నారు. వాడినవాళ్లు చెప్పండి, ఏది కొనమంటారు?

---

జెట్_వాష్_రాజు · జూన్ 9, రాత్రి 10:51

బ్రో, ఉన్న మెషీన్ పెట్టుకుని కొత్తది ఎందుకు? ఫ్యాన్ నాజిల్ పెట్టు, నాలుగడుగుల దూరం నుంచి కొట్టు. పెయింటు ఊడితే అది పెయింటు తప్పు.

---

గుంటూరు_పంపుల_మేస్త్రి · జూన్ 10, ఉదయం 6:35

రాజు గారూ, దూరం జరిగితే పెయింటు ఊడదు, నిజమే. నాచు కూడా ఊడదు. పైపైన రాలిపోతుంది, సందుల్లో ఉన్నది అలాగే ఉంటుంది, రెండు వానలు పడగానే మళ్లీ పాకుతుంది. దాన్ని చంపాల్సింది మందు, నీటి దెబ్బ కాదు. సాఫ్ట్ వాష్ అంటే అంతే కదా.

తమ్ముడూ, పంపు సంగతి తర్వాత. ముందు మందు సంగతి తెలుసుకో. నువ్వు కొట్టబోయేది సోడియం హైపోక్లోరైట్, పొట్టిగా హైపో. ద్రవ బ్లీచ్‌లో ఉండేది అదే. కరోనా ఏడాది మున్సిపాలిటీ వాళ్లు వీధుల్లో కొట్టింది అదే. ఆ ఏడాది నా షాపుకి వచ్చినన్ని స్ప్రేయర్లు నా జన్మలో రాలేదు. పురుగుమందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లలో హైపో పోసి ఊరంతా కొట్టారు, సాయంత్రం కడగకుండా మూల పడేశారు. విప్పి చూస్తే ఇత్తడి నాజిల్ పచ్చగా చిలుమెక్కి ఉండేది. వాల్వు వెనక స్ప్రింగుని స్క్రూడ్రైవరుతో ముట్టుకుంటే పటుక్కున విరిగేది. నైట్రైల్ రబ్బరు వాషర్లు ఉబ్బి, మెత్తబడి, నొక్కితే వేలికి నల్లగా అంటుకునేవి.

కాబట్టి షాపులో ఎన్ని లీటర్లు, ఎంత ప్రెషర్ అని అడిగే ముందు ఇవి అడుగు: సీళ్లు వైటానా, ఈపీడీఎమ్మా (రెండూ హైపోకి తట్టుకునే రబ్బర్లు)? హెడ్ ప్లాస్టిక్‌దా? మందు తగిలే చోట ఇత్తడి, అల్యూమినియం, ఇనుము ఎక్కడైనా ఉందా? స్టీలు స్ప్రింగు 316 గ్రేడుదైనా హైపోలో నిలవదు, హాస్టెలాయ్‌దో (నికెల్ మిశ్రమం) టైటానియందో అయితే మేలు. వీటికి అమ్మేవాడు నీళ్లు నమిలితే ఆ పంపు వద్దు.

ఈ లెక్కన నీ లిస్టులో హెచ్‌టీపీ పోయింది. దాని హెడ్ ఇత్తడి. ఇంకో గొడవ ఏంటంటే, అది 20, 30 బార్ల మీద కొడుతుంది. మందు పొగమంచులా లేస్తుంది. సగం గోడకి, సగం కింద పార్క్ చేసిన కార్లకి, మిగిలింది నీ ఊపిరితిత్తులకి. మనకి కావలసింది లావు చుక్క.

---

విశాఖ_కుర్రాడు · జూన్ 10, ఉదయం 8:02

మేస్త్రి గారూ, నా దగ్గరున్న లాన్స్ (చివరి స్ప్రే గొట్టం) కూడా ఇత్తడిదే 😐 గాలి పంపు ఎలా ఉంటుంది?

---

గుంటూరు_పంపుల_మేస్త్రి · జూన్ 10, ఉదయం 8:40

గాలి పంపు బంగారం. పాలీప్రొపిలీన్ బాడీ, టెఫ్లాన్ డయాఫ్రమ్‌తో దొరుకుతుంది. ఖాళీగా తిరిగినా పాడవదు, గన్ మూసేస్తే ఊరికే ఆగి నిలబడుతుంది. కానీ గాలి తెగ తాగుతుంది. దానికో కంప్రెసర్, కంప్రెసర్‌కి కరెంటు, అవి మోయడానికి ఇద్దరు మనుషులు. ఒకే చోట ఫ్యాక్టరీలో పెట్టుకుంటే సరే. రోజుకో అపార్ట్‌మెంట్ తిరిగేవాడికి చాకిరీ ఎక్కువ.

గన్ అంటావా, ప్లంబింగ్ షాపులో ముప్పావు అంగుళం యూపీవీసీ బాల్ వాల్వు తీసుకో. దాని ముందు ప్లాస్టిక్ నాజిల్ బిగించు. అదే నీ గన్. చూడ్డానికి బాగోదు, పని చేస్తుంది.

---

అట్లాంటా_బాబాయ్ · జూన్ 10, ఉదయం 9:15

ఇక్కడ మాకు రాత్రి. అమెరికా వీడియోలు అన్నావు కాబట్టి చెప్తున్నా.

మా జార్జియాలో కూడా తేమ ఎక్కువే. ఇంటి కప్పు మీద ఆస్ఫాల్ట్ షింగిల్స్ (తారు పలకలు) ఉంటాయి, వాటి మీద నల్ల చారలు వస్తాయి. గ్లియోకాప్సా మాగ్మా అనే సయానోబ్యాక్టీరియా అది. షింగిల్స్ తయారీదారుల సంఘమే ప్రెషర్ వాషర్ వద్దంటుంది. బట్టల బ్లీచూ నీళ్లూ సగం సగం కలిపి చల్లి, 15 నుంచి 20 నిమిషాలు ఉంచి కడగమంటుంది. ఈ పని వృత్తిగా చేసేవాళ్లు కప్పు మీదికి 3, 4 శాతం దాకా హైపో వాడతారు. ఆ అంకె చూసి నువ్వు రంగు వేసిన గోడ మీద కొట్టేవు! గోడకి 1 శాతం చాలు, చాలాచోట్ల అంతకంటే తక్కువే.

ఇక పంపు. ఇక్కడ ఇళ్లు ఒకటి, రెండు అంతస్తులే. చుట్టూ పచ్చిక. పనివాడు నిచ్చెన ఎక్కడు, పచ్చికలో నిలబడి ముప్పై అడుగుల పైకి చిమ్ముతాడు. అంత దూరం పోవాలంటే నీటి ధార లావుగా ఉండాలి, అందుకే నిమిషానికి 5.5 గ్యాలన్లు, 7 గ్యాలన్లు అంటారు. నువ్వు చూసిన 20 లీటర్ల పంపు ఆ 5.5 గ్యాలన్లదే. నువ్వు స్టిల్ట్ ప్లస్ ఐదు కడిగేటప్పుడు కింద నిలబడి చిమ్ముతావా, గోడ పక్కన వేలాడతావా? దాన్ని బట్టి పంపు మారిపోతుంది బాబూ.

---

విశాఖ_కుర్రాడు · జూన్ 10, మధ్యాహ్నం 1:30

వేలాడతాం బాబాయ్ గారూ. టెర్రస్ మీంచి తాళ్లతో కట్టిన జూలాలో కూర్చుని దిగుతూ కొడతాం. గోడకి రెండు మూడు అడుగులే దూరం.

---

లెక్కల_మాస్టారు · జూన్ 10, సాయంత్రం 5:48

ఇరిగేషన్‌లో పైపుల లెక్కలు వేస్తూ రిటైరయిన మనిషిని. మీ ప్రశ్న చూస్తే చెయ్యి ఊరుకోలేదు.

మీరు అనుకుంటున్న 12 వోల్ట్ పంపు గరిష్ఠ ప్రెషర్ 60 పీఎస్ఐ, అంటే దాదాపు 4 బార్. పైకి ప్రతి 10 మీటర్లకీ 1 బార్ పోతుంది. మీ బిల్డింగ్ ఎత్తు 18 మీటర్లు అనుకుంటే, పంపు కింద పెడితే 1.8 బార్ అక్కడికక్కడే ఖర్చు.

రెండోది హోస్ లోపలి రాపిడి. దీన్ని ఎవరూ పట్టించుకోరు. నిమిషానికి 20 లీటర్లు, 50 మీటర్ల హోస్ అనుకోండి. అరంగుళం హోస్‌లో సుమారు 3 బార్ పోతుంది. ముప్పావు అంగుళం అయితే అర బార్ లోపే. పొలాలకి వాడే 8.5 ఎంఎం స్ప్రే హోస్‌లో అయితే 20 బార్ కావాలి. ఆ హోస్ హెచ్‌టీపీకి సరిపోయేది అది 30 బార్లతో తోస్తుంది కాబట్టి. మీ 12 వోల్ట్ పంపుకి తగిలిస్తే చివర్లో చుక్కలు రాలతాయి, అంతే.

అంటే మీరు 20 లీటర్ల పంపు కొని, కింద పెట్టి, అరంగుళం హోస్‌తో పైకి లాగితే కావలసింది 4.8 బార్, ఉన్నది 4. డబ్బు పెట్టి కొన్న 20 లీటర్లు పైదాకా రావు.

ఇప్పుడు తిరగేసి చూడండి. జూలాలో దగ్గరగా కూర్చుని కొట్టేటప్పుడు నిమిషానికి 8 లీటర్లు చాలు. అదే అరంగుళం హోస్‌లో 50 మీటర్లకి 0.6 బార్ మాత్రమే పోతుంది. పంపుని టెర్రస్ మీదికి చేర్చండి. అప్పుడు ఎత్తు మీకు శత్రువు కాదు, దిగేకొద్దీ ప్రెషర్ కలుస్తుంది. 10 లీటర్ల చిన్న పంపు, మిగిలిన డబ్బుతో మంచి హోస్. నా మాట ఇది.

---

జెట్_వాష్_రాజు · జూన్ 10, సాయంత్రం 6:10

మాస్టారూ దండం. మరి నా ప్రెషర్ వాషర్‌కి డౌన్‌స్ట్రీమ్ ఇంజెక్టర్ తగిలిస్తే? మందు పంపు లోపలికి పోదు కదా, అవతలే కలుస్తుంది.

---

గుంటూరు_పంపుల_మేస్త్రి · జూన్ 10, రాత్రి 9:05

ఇది మంచి ప్రశ్నే రాజు గారూ. ఇంజెక్టర్ పది పాళ్ల నీటికి ఒక పాలు మందు లాగితే గొప్ప, ఒక్కోసారి ఇరవైకి ఒకటే. 10 శాతం హైపో పెట్టినా గోడ మీద 1 శాతం లోపే తేలుతుంది. లేత పచ్చ నాచుకి అది చాలు, వైజాగ్ నలుపుకి చాలదు. పైగా ఇంజెక్టరు సైజు మీ మెషీన్ ఇచ్చే నీటికి సరిపోవాలి. ఇళ్లలో వాడే చిన్న మెషీన్లు నిమిషానికి ఆరో ఏడో లీటర్లు ఇస్తాయి, బజారులో దొరికే ఇంజెక్టర్లు ఎక్కువగా పెద్ద మెషీన్లవి. అసలు లాగవు.

తమ్ముడూ, మాస్టారు చెప్పింది నిజం, కానీ చిన్న మెలిక ఉంది. ఈ పంపులకి ప్రెషర్ స్విచ్ ఉంటుంది. పంపు ఇచ్చేదానికంటే నాజిల్ తక్కువ వదిలితే, ప్రెషర్ ఎక్కి ఆగుతుంది, దిగి స్టార్టవుతుంది, టకటకా కొట్టుకుంటుంది. వారంలో స్విచ్ పాయింట్లు మాడతాయి. పంపు దాటాక ఒక టీ జాయింట్ వేసి, వాల్వు పెట్టి, కొంచెం మందు తిరిగి డ్రమ్ములోకే పోయేలా బైపాస్ లైను ఇవ్వు. స్విచ్ బతుకుతుంది, డ్రమ్ములో మందుతో పాటు వేసే సోపు కూడా కలుస్తూ ఉంటుంది.

---

టైట్రేషన్_అక్క · జూన్ 11, ఉదయం 7:20

కెమికల్ ల్యాబులో పని చేస్తాను. పంపు గురించి ఇన్ని మాటలు వచ్చాయి, క్యాన్‌లో అసలు ఏముందని ఎవరూ అడగలేదు!

మీ లెక్కలన్నీ 10 శాతం మీద నడుస్తున్నాయి. హైపో ఎండకి, వేడికి చచ్చిపోతుంది. పది డిగ్రీలు వేడెక్కితే పాడయ్యే వేగం మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. మే నెలలో ఒకసారి 10 నుంచి 12 అని రాసున్న క్యాన్ టెస్ట్ చేస్తే 6 చిల్లర వచ్చింది. డీలర్ దాన్ని రేకుల షెడ్డులో పెట్టాడు మరి. 200 లీటర్ల డ్రమ్ములో 1 శాతం కావాలంటే 10 శాతం మందు 20 లీటర్లు పోయాలి. 6 శాతం అయితే 33 లీటర్లు. తేడా తెలియక 20 పోసి, మరక పోలేదని పంపుని తిడతారు. కాబట్టి తయారీ తేదీ చూసి, వారానికి సరిపడా మాత్రమే కొను తమ్ముడూ. నీడలో పెట్టు. మూత బిర్రుగా బిగించకు, గ్యాస్ వదులుతుంది, క్యాన్ ఉబ్బుతుంది. గాలి పోయే మూతే వాడు.

సోపు మామూలుది వద్దు. అమైన్ ఆక్సైడ్ రకం అడుగు, అది హైపోలో నిలుస్తుంది. ఏదైనా సరే ముందు మగ్గులో కొంచెం కలిపి గంట ఆగు. వేడెక్కినా, ఘాటు వాసన మారినా పారబోయి.

ఇది మాత్రం మర్చిపోవద్దు: యాసిడ్‌తో గానీ, అమ్మోనియా ఉన్నదానితో గానీ ఎప్పుడూ కలపకూడదు. మనవాళ్లకి టైల్స్ కడిగే యాసిడ్ బాటిల్ ఎప్పుడూ పక్కనే ఉంటుంది. హైపో, ఆ యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్. అదే బకెట్, అదే మగ్గు కూడా వాడొద్దు. నీ 12 వోల్టుల బ్యాటరీలో ఉన్నదీ యాసిడే, దాన్నీ హైపో క్యాన్నీ ఒకే ట్రేలో పెట్టకు.

ఇంకో తమాషా. కెమికల్ షాపులో "హైపో" అని అడిగితే ఒక్కోసారి గులకల్లాంటి తెల్లటి స్ఫటికాలు ఇస్తారు. అది సోడియం థయోసల్ఫేట్, ఫొటో స్టూడియోల పాత హైపో. రొయ్యల హేచరీల్లో నీళ్లలో క్లోరిన్ విరవడానికి వాడేది అదే. పేరొకటే, పని పూర్తిగా వ్యతిరేకం 😀 అది కూడా ఒక కిలో కొని పెట్టుకో, మొక్కల మీద మందు పడితే నీళ్లలో కొంచెం కలిపి పోయొచ్చు.

---

తాడు_మీద_బతుకు · జూన్ 11, మధ్యాహ్నం 2:12

హైదరాబాద్‌లో గ్లాస్ బిల్డింగుల మీద పదేళ్లుగా దిగుతున్నా. అన్నా, నీ జూలా తాడు ఏ తాడు? నైలాన్ అయితే హైపో దాన్ని తింటుంది. పైకి కనపడదు, లోపల దారాలు పెళుసెక్కుతాయి. పాలిస్టర్ తాడు వాడు. మందు కొట్టే తాడుని రోజూ మంచినీళ్లతో కడుగు, గట్టిగా అనిపించినా, రంగు మారినా కోసి పారేయి. మళ్లీ ఇంకో పనికి కూడా వాడకుండా ముక్కలు కోయి. హార్నెస్‌కి వేరే లైఫ్‌లైన్ తాడు ఉండాలి, జూలా తాడుకే కట్టుకోవద్దు.

గుడ్డ మాస్క్ పనికిరాదు. యాసిడ్ గ్యాస్ కార్ట్రిడ్జ్ ఉన్న హాఫ్ మాస్క్, పక్కలు మూసుకున్న గాగుల్స్ కొను. నీ 60 వేలలో ముందు వీటికి తీసిపెట్టు, మిగిలింది పంపుకి.

---

మూడో_ఫ్లోర్_సెక్రటరీ · జూన్ 11, రాత్రి 8:30

అపార్ట్‌మెంట్ వాళ్ల తరఫున ఒక మాట. పోయినేడు మాకు ఒకతను కడిగాడు, పేరెందుకు లెండి. గోడ తళతళలాడింది. కానీ సంపు మూత సందులోంచి మందు నీళ్లు లోపలికి పోయాయి. మూడు రోజులు ట్యాంకర్లు తెప్పించుకున్నాం. మీరు వచ్చేటప్పుడు సంపు మీద కప్పడానికి ఒక టార్పాలిన్ తెచ్చుకుంటే, ఏ పంపు వాడినా మాకు అభ్యంతరం లేదు. ముందురోజే లిఫ్టులో నోటీసు పెట్టండి. అందులో కిటికీలు, ఏసీలు, ఆరేసిన బట్టలు, తులసి కుండీల సంగతి రాయండి.

---

విశాఖ_కుర్రాడు · జూన్ 12, ఉదయం 7:00

ఇంత చెప్తారని అనుకోలేదు. 20 లీటర్ల పంపు ఆర్డర్ పెట్టేసి ఉన్నా, రాత్రే క్యాన్సిల్ చేశా. కొన్నాక చెప్తా.

---

విశాఖ_కుర్రాడు · ఆగస్టు 24, రాత్రి 9:45

ఆలస్యమైంది, మధ్యలో వానలు. కొన్నది ఇది:

నిమిషానికి 10 లీటర్ల 12 వోల్ట్ డయాఫ్రమ్ పంపు, వైటాన్ వాల్వులు. స్పేరు డయాఫ్రమ్ కిట్ కూడా. అరంగుళం బ్రెయిడెడ్ హోస్ 60 మీటర్లు. 200 లీటర్ల నీలం డ్రమ్ము. పాత ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ, 150 ఏహెచ్, మా బాబాయి ఇంట్లో ఊరికే పడి ఉంటే తెచ్చుకున్నా. బరువు మాత్రం నరకం, లిఫ్టు ఆగిపోయిన రోజు మెట్ల మీద మోసి ఇద్దరం కూలబడ్డాం. మాస్కులు, పాలిస్టర్ తాళ్లు. అన్నీ కలిపి 60 దాటలేదు.

మొదటి పని నాలుగు ఫ్లోర్లు, ఎంవీపీ కాలనీలో. ముందు వెనక గోడ కింద మూలలో చేతి వెడల్పు ముక్క మీద కొట్టి ఒక రోజు ఆగా. రంగు మారలేదు. తర్వాత పొద్దున్నే ఎండ రాకముందు మొదలుపెట్టా. మొక్కలకి ముందే నిండా నీళ్లు కొట్టి, తర్వాత కూడా కొట్టా.

ఆ నలుపు పోవడం చూడాలండీ. కొట్టాక రెండు నిమిషాలు ఏమీ ఉండదు. తర్వాత నలుపు గోధుమరంగులోకి తిరుగుతుంది, ఆ గోధుమరంగు పల్చబడుతూ పది నిమిషాలకి గోడ అసలు రంగు, లేత పసుపు, బయటికొస్తుంది. చేత్తో ముట్టుకోలేదు, బ్రష్ పెట్టలేదు. వాచ్‌మన్ తాత "పెయింటేసినావేటి బాబూ" అన్నాడు.

తప్పులు కూడా చెప్పాలి. మొదటి రోజు బైపాస్ లైను పెట్టలేదు, మేస్త్రి గారన్నట్టే టకటకా కొట్టుకుంది. స్విచ్ మార్చాల్సి వచ్చింది. రెండోది, బాల్కనీ ఇనుప గ్రిల్ మీద మందు పడింది, సరిగ్గా కడగలేదు. నాలుగు రోజులకి గ్రిల్ కింద తుప్పు చారలు దిగాయి. దానికేం చెయ్యాలి?

---

టైట్రేషన్_అక్క · ఆగస్టు 25, ఉదయం 6:50

శభాష్ తమ్ముడూ. తుప్పు మరక మీద ఇంకోసారి హైపో కొట్టకు, ముదురుతుంది. ఆక్జాలిక్ యాసిడ్ నీళ్లతో పోతుంది, కానీ అదీ యాసిడే. గోడ మీద హైపో ఛాయ లేకుండా మంచినీళ్లతో బాగా కడిగి, ఆరాక, వేరే రోజు చెయ్యి. వేరే బకెట్‌తో. కింద తాండూరు బండలు ఉంటే వాటి మీద పడనీయకు, అది సున్నపురాయి, మెరుపు పోతుంది. గోడ మీద తెల్లగా ఉప్పు పొడి లాంటిది కనిపిస్తే అది నాచు కాదు, లోపలి చెమ్మ. దానికి నీ మందు ఏదీ పని చేయదు, ఆ పని ఒప్పుకోకు.

---

జెట్_వాష్_రాజు · ఆగస్టు 25, ఉదయం 9:30

బ్రో, ఆ పంపు ఎక్కడ కొన్నావో డీఎం పెట్టు. నేనూ తీసుకుంటా.

---

గుంటూరు_పంపుల_మేస్త్రి · ఆగస్టు 25, రాత్రి 9:10

తమ్ముడూ, పని అయ్యాక రోజూ పంపులో మంచినీళ్లు ఎంతసేపు తిప్పుతున్నావు?

---

విశాఖ_కుర్రాడు · ఆగస్టు 25, రాత్రి 9:22

రెండు నిమిషాలు మేస్త్రి గారూ.

---

గుంటూరు_పంపుల_మేస్త్రి · ఆగస్టు 25, రాత్రి 9:25

పది నిమిషాలు చెయ్యి. ఆదివారం హెడ్ విప్పి వాల్వుల ఫొటో ఇక్కడ పెట్టు. తెల్లటి ఉప్పు కట్టి ఉంటుంది, గోరుతో గీరకు, నీళ్లలో నానబెట్టు.